ప్రతినిధి వేలు

మా ప్లేటింగు షెడ్డులో పనిచేసే ఏ ఆడమనిషికీ చర్మవ్యాధి లేదు. ఈ మాట నాది కాదు, సంస్థది. గేటు పక్క గోడ మీద నీలం రంగుతో మనిషెత్తు అక్షరాలు రాయించి మరీ చెప్పింది. గోడకు సున్నం కొట్టి, పెయింటరు గీసిన గీతల్లో రంగు నింపింది మా బసవపూర్ణే. అప్పటికే ఆమె కుడిచేతి చూపుడువేలికి గుంట పడి ఉంది కాబట్టి, కుంచెను బొటనవేలికీ నడిమి వేలికీ మధ్య ఇరికించుకుని నింపింది. అక్షరాలు కొంచెం వంకరపోయాయి గాని అర్థం చెడలేదు.

సంస్థ పేరు సౌభాగ్య లోహకాంతి మహిళా సంస్థ. భర్తలు పోయిన ఆడవాళ్ళకు పని చూపించడానికి పెట్టారు. పేరు పెట్టినవారు మమ్మల్ని చూసి పెట్టి ఉండరు. ఇత్తడి కుళాయిలు, తలుపు పిడులు మా దగ్గరికి కళ తప్పి వస్తాయి. వాటిని ఆసిడ్‌లో కడిగి, నికెలు తొట్టిలో ముంచి, ఆఖరున క్రోము తొట్టిలో ముంచితే అద్దంలా మెరుస్తాయి. ఆ ఆఖరి తొట్టిలో నీళ్ళు ముదురు నారింజ రంగులో ఉంటాయి. చెయ్యి పెట్టి తీస్తే పసుపు రాసుకున్నట్టు ఉంటుంది. సబ్బుకు పోదు, చింతపండుకు పోదు. అందుకని దాన్ని మేము పసుపు తొట్టి అంటాం.

ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దమనిషి మా చేతులు చూసి పొంగిపోయాడు. "ఏ సమాజమైతే మీ చేతులకు పసుపు తగదన్నదో, ఆ సమాజం కళ్ళెదుటే మన సంస్థ మీ చేతులకు పసుపు తిరిగి ప్రసాదించింది" అన్నాడు. మేము చప్పట్లు కొట్టాం. ఒకరిద్దరు కన్నీళ్ళు కూడా పెట్టుకున్నారు. నిజమే, ఇంత గట్టి పసుపు మా పెళ్ళిళ్ళలో కూడా ఎవరూ పెట్టలేదు.

కుళాయిలను కొక్కేలకు తగిలించి తొట్టిలో ముంచుతాం. కొక్కేలు అరిగిపోయి కుళాయిలు జారుతుంటాయి. జారినదాన్ని చేత్తో దేవి పైకి తీయాలి. కుళాయి అడుగున ఉండిపోతే తొట్టి పాడవుతుందని సంస్థకు భయం. చేతుల గురించి అలాంటి భయం లేదు, చేతులు సంస్థ ఆస్తి కావు గదా.

మొదట గోరు మొదట్లో చర్మం పగులుతుంది. కొన్నాళ్ళకు అక్కడ కందిగింజంత గుంట పడుతుంది. అంచులు గట్టిగా, గుండ్రంగా, ఎవరో మేకు దించి తీసినట్టు ఉంటుంది. నొప్పి పెద్దగా ఉండదు. ఉంటే కేకలు వేసేవాళ్ళం, కేకలు వేస్తే ఎవరైనా వినేవాళ్ళేమో. తొట్టి మీదినుంచి లేచే ఆవిరికి కొందరికి ముక్కు లోపలి గోడకు కూడా చిల్లు పడింది. భర్త పోయిన పదోనాడు లోకం మా ముక్కుపుడకలు తీయించింది. తొట్టి జాలిపడి లోపలివైపు నుంచి మళ్ళీ ముక్కు కుట్టింది.

ఇలా ఉండగా మా వైపు హాజరు మిషన్ల ఊపు వచ్చింది. పంచాయతీ ఆఫీసులో పెట్టారు, పశువుల ఆసుపత్రిలో పెట్టారు. మా సంస్థకు లేకపోతే పరువు దక్కదని మేనేజింగ్ డైరెక్టరు చక్రధరరావు గారు ఒకటి తెప్పించి గేటు దగ్గర గోడకు బిగించారు. కొబ్బరికాయ కొట్టి మాకు ఇలా చెప్పారు.

"ఇకనుంచి మీ హాజరుకు మీ వేలే సాక్షి. మనిషి అబద్ధం ఆడవచ్చును. నోరు అబద్ధం ఆడవచ్చును. చర్మం మాత్రం అబద్ధం ఆడదు."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మా చర్మం అబద్ధం ఆడలేదు. తొట్టి మా వేళ్ళ మీది గీతలన్నీ ఎప్పుడో తినేసింది. నేను వేలు పెట్టాను. మిషనులోంచి ఒక ఆడగొంతు, "దయచేసి మరల ప్రయత్నించండి" అంది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే మాట. నా వెనక బసవపూర్ణకూ అదే మాట.

"ఏందే దీని మర్యాద, ఎన్నిసార్లన్నా దయచేసి అనే అంటంది" అంది పూర్ణ.

"దానికేం, నీడపట్టున గోడకి అతుక్కుని ఉంటది. దాన్ని ఒక పూట తొట్టికాడ నించోబెట్టు, దయ ఏడుంటదో చూద్దాం" అన్నాన్నేను.

వారం గడిచేసరికి తేలింది ఇది. కొత్తగా చేరినవాళ్ళు రోజూ వస్తున్నారు. పాతవాళ్ళు అప్పుడప్పుడు వస్తున్నారు. మొదటినుంచీ పసుపు తొట్టి దగ్గరే ఉన్నవాళ్ళు సంస్థలోనే లేరు.

నేను ఎం.డి. గారి గదికి వెళ్ళి, "సంతకాలు పెడతాం సార్. తమరు పెట్టించిన రాత్రిబడిలోనే నేర్చుకున్నాం" అన్నాను.

ఆయన నవ్వారు. "నాంచారమ్మా, వేలిముద్ర నుంచి సంతకానికి ఎదగడం పోయిన పథకం. సంతకం నుంచి వేలిముద్రకు ఎదగడం ఈ పథకం. ప్రగతి ఆగదు."

మిషను మమ్మల్ని లేరన్నా కుళాయిలు మెరుస్తూనే ఉన్నాయి గనుక కూలి ఆపలేదు. ఆగింది ఒక్క డాక్టరు గది. నెలకోసారి వచ్చే సంస్థ డాక్టరు పద్మనాభం గారి గుమ్మం దగ్గర కూడా ఒక మిషను బిగించారు. హాజరులో ఉన్నవారికే తలుపు.

ఈ తలుపుతో అందరికంటే పని ఉన్నది బసవపూర్ణకు. ఆమె చూపుడువేలి గుంట కందిగింజ దాటి చింతగింజ అంత అయింది. బస్తీలో చర్మాల డాక్టరుకు చూపిస్తే ఆయన, "వెంటనే ఆ తొట్టికి దూరంగా ఉండు, ఆలస్యమైతే కీలు దాకా దిగుతుంది, అప్పుడు వేలు తీసెయ్యాలి" అన్నాడట. పని మానేస్తే ఇల్లు గడవదు. షెడ్డు వెనక ప్యాకింగు గదిలో కుళాయిలకు కాగితాలు చుట్టే పని ఉంది, అక్కడికి మారిస్తే చాలు. మార్చాలంటే తొట్టి వల్లే పుండు పడిందని సంస్థ డాక్టరు ఒక్కమాట రాయాలి. సాయంత్రాలు జాకెట్లకు హుక్కులు కుట్టి కూతుర్ని నర్సింగు చదివిస్తోంది ఆమె. సూది పట్టేది ఆ వేలితోనే.

డాక్టరు వచ్చిన రోజు గుమ్మం మిషను ఆమెను దయచేసి మరల ప్రయత్నించమంది. లోపల ఎం.డి. గారు కూడా ఉన్నారు. పూర్ణ గుమ్మంలోంచే చెయ్యి చూపించింది. నేను పక్కనే ఉన్నాను.

"సార్, నేను రోజూ వస్తన్నా. ఆ తొట్టి పక్కనే నించుంటన్నా. ఎవర్నన్నా అడగండి" అంది.

"అడగడం పాత పద్ధతి తల్లీ" అన్నారు ఎం.డి. గారు. "మిషను ప్రకారం నువ్వు దసరా నుంచి సంస్థలో లేవు. లేని మనిషికి మా తొట్టి వల్ల పుండు ఎలా పడుతుంది?"

"తొట్టి వల్లే గీతలు పోయినియ్యి సార్. గీతలు పోబట్టే మిషను పట్టట్లా."

"అంటే నీ వేలు సరిగా లేదని నువ్వే ఒప్పుకుంటున్నావు."

"ఒప్పుకుంటన్నా. అది చూపిద్దామనే గదా వచ్చింది."

"వేలు సరిగా లేనివారు హాజరు కాలేదు. హాజరు కానివారికి తొట్టితో సంబంధం లేదు. సంబంధం లేని గాయాన్ని మేము వ్యక్తిగత గాయం అంటాము." ఆయన డాక్టరు వైపు తిరిగారు. "చూశారా, ఎంత స్పష్టంగా ఉందో. పనిలో ఉన్నవారెవరికీ పుండు లేదు. పుండు ఉన్నవారెవరూ పనిలో లేరు."

డాక్టరు గారు మంచి పద్యం విన్నట్టు తల ఊపారు.

"మరి ఆ కుళాయిలు ఎవరు ముంచుతున్నట్టు సార్?" అని అడిగాను.

"ఉత్పత్తి వేరే విభాగం" అన్నారు ఎం.డి. గారు.

ఆ ప్రశ్నే కొన్నాళ్ళకు పై ఆఫీసు కూడా అడిగింది. మీ తొట్టి దగ్గర మనిషే లేడు, లారీల కొద్దీ సరుకు ఎలా వస్తోంది అని. మేము అడిగితే తోచని జవాబు పై ఆఫీసు అడిగేసరికి రెండు రోజుల్లో తోచింది. ఎం.డి. గారు మమ్మల్ని షెడ్డు ముందు నిలబెట్టి కాగితం చదివించారు.

"ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయడమేమనగా, కొందరి వేళ్ళ యొక్క అస్పష్టత వలన హాజరు ప్రక్రియకు అంతరాయము కలుగుచున్నందున, సంస్థ సిబ్బంది అందరి తరఫున ఒక స్పష్టమైన వేలును ప్రతినిధి వేలుగా నియమించడమైనది."

మాకు అర్థం కాలేదని ఆయనకు అర్థమైంది. "దేశంలో ఇంతమంది జనం ఉన్నారు. అందరూ పోయి చట్టసభలో కూర్చుంటున్నారా? తలా ఒక ఓటు వేసి ఒకరిని పంపుతున్నారు. ఆయన అక్కడ కూర్చుంటే మనందరం కూర్చున్నట్టే. దీన్ని ప్రజాస్వామ్యం అంటారు. మనుషులకు ఉన్న ప్రజాస్వామ్యం వేళ్ళకు ఎందుకు ఉండకూడదు?"

ప్రతినిధి వేలు మంగతాయారుది. చేరి ఇంకా నెల తిరగలేదు. తొట్టి దాకా రాలేదు, మెరుగు పెట్టిన కుళాయిలను గుడ్డతో తుడిచే పని. ఆమె బొటనవేలిని భూతద్దంతో పరీక్షించి, గీతలు పొలంలో సాళ్ళలా ఉన్నాయని మెచ్చుకుని, మా అందరి పేర్ల కింద ఆ వేలినే మిషనుకు ఎక్కించారు. రోజూ ఆలస్యంగా వస్తారు గనుక ఎం.డి. గారు తమ పేరును కూడా ఆ వేలికే అప్పగించారు. నెలకొకసారే వచ్చినా నెలంతా వచ్చినట్టు ఉంటుందని డాక్టరు గారు కూడా అప్పగించారు.

ఇక ఆ వేలి వైభోగం చూడాలి. మంగతాయారుకు గేటు దగ్గర కుర్చీ వేశారు. పొద్దున్నే అందరి పేర్లకూ వేలు పెట్టడం, సాయంత్రం మళ్ళీ పెట్టడం, మధ్యలో వేలికి కొబ్బరినూనె రాసుకోవడం ఆమె ఉద్యోగం. ఇంటి దగ్గర గిన్నెలు తోమకూడదు, చేపలు కడగకూడదు, కారం కలపకూడదు అని షరతులు పెట్టారు. స్టోరులో ఉన్న ఒక్క జత రబ్బరు గ్లవుజులూ ఆమెకే ఇచ్చారు. తొట్టికి ఆమడ దూరంలో కుర్చీలో కూర్చున్న మనిషి ఒక్కతే షెడ్డు మొత్తానికి గ్లవుజులు వేసుకుని ఉండేది.

"నాకు సిగ్గేస్తందక్కా. మీరంతా ఆ కంపులో, నేనేమో పెళ్ళికూతుర్లాగా కుర్చీలో" అంది నాతో.

"సిగ్గెందుకే. మా వేళ్ళన్నీ నీ దగ్గరే ఉన్నాయంట గదా, ఇటొచ్చి కాస్త మా వీపులు గోకిపెట్టు" అన్నాను. పూర్ణ కూడా నవ్వింది. నవ్వుతూనే తొట్టిలోకి చెయ్యి పెట్టి జారిన కుళాయిని దేవింది.

మర్నాడు పూర్ణ ఎం.డి. గారిని దారిలో ఆపింది. "సార్, ఆ పిల్ల వేలు మా అందరి వేలు అయినప్పుడు పని కూడా ఆ వేలే చేస్తే సరిపోద్దిగా. మేం కూర్చుంటాం."

"హాజరుకు ప్రతినిధి ఉంటారు, పనికి ఉండరు" అన్నారు ఆయన ఓపిగ్గా. "చట్టసభలో ఒకరు కూర్చున్నారని తక్కినవాళ్ళు పొలం దున్నడం మానేశారా?"

అయినా పూర్ణకు ఒక ఆశ మిగిలింది. ఇప్పుడు మిషను ప్రకారం ఆమె రోజూ హాజరు. డాక్టరు గది తలుపు తెరుచుకోవాలి. తెరుచుకుంది కూడా. ఆ నెల మేమంతా వరసగా లోపలికి వెళ్ళాం. డాక్టరు పద్మనాభం గారు మంగతాయారును బల్ల పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె బొటనవేలి మీద టార్చి వేసి, ఒక్కొక్క పేరూ పిలిచి, ఒక్కొక్కసారీ ఆ వేలినే చూసి, "ఆరోగ్యం" అని రాసుకుంటున్నారు. పూర్ణ వంతు వచ్చింది. ఆమె గుడ్డ విప్పి తన చెయ్యి బల్ల మీద పెట్టింది. చీము వాసనకు డాక్టరు గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

"ఇది ఎవరి చెయ్యి?"

"నాదేనండి."

"నీ పేరు?"

"బసవపూర్ణండి."

"బసవపూర్ణ వేలు ఇప్పుడే చూశానమ్మా. చక్కగా ఉంది."

"అది మంగతాయారు వేలండి. ఇది నా వేలు."

"అది సంస్థ గుర్తించిన నీ వేలు. ఇది ఊరికే నీ దగ్గర ఉన్న వేలు."

"చీము పడతంది నా దగ్గరున్నదానికేనండి."

"గుర్తింపు లేని వేలికి నేను మందు రాస్తే రేపు ఆడిటులో నన్ను అడుగుతారు. నీకు ఆరోగ్యం అని రాశాను, సంతోషంగా వెళ్ళు."

మంగతాయారు తన చెయ్యి వెనక్కి లాక్కుంది. డాక్టరు గారు మళ్ళీ ముందుకు లాగి తర్వాతి పేరు పిలిచారు. పూర్ణ గుడ్డ చుట్టుకుని తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆ వారం నుంచి ఆమె హుక్కులు నడిమి వేలితో కుట్టడం మొదలుపెట్టింది. రోజుకు కుట్టే జాకెట్లు సగానికి పడిపోయాయి.

అందరికీ ఆరోగ్యం అని తేలింది గనుక సంస్థను నిర్మల చర్మ పురస్కారానికి పంపాలని నిర్ణయించారు. గోడ మీద నీలం అక్షరాలు రాయించింది అప్పుడే. పురస్కారం వాళ్ళకు చూపించడానికి ఒక చిన్న సినిమా తీయాలన్నారు. అందులో ప్రతినిధి వేలు తొట్టి దగ్గర పనిచేస్తూ కనిపించాలి.

"గ్లవుజులు వేసుకుంటానండి" అంది మంగతాయారు.

"వద్దు" అన్నారు ఎం.డి. గారు. "గ్లవుజులు కనిపిస్తే లోపల ఏదో ప్రమాదం ఉందని చూసేవారికి అనుమానం వస్తుంది. వట్టి చేతులతో, నవ్వుతూ ముంచాలి. పసుపు చక్కగా కనిపించాలి."

సినిమా ఒక పట్టాన తెమలలేదు. ఒకరోజు వెలుతురు చాలలేదు, ఒకరోజు నవ్వు చాలలేదు. ఒకరోజు రెండూ కుదిరితే వెనకాల పూర్ణ చెయ్యి కనిపించిందని మళ్ళీ తీశారు. అలా వారాల తరబడి ఆ పిల్ల పొద్దున కుర్చీలో కూర్చుని నూనె రాసుకోవడం, మధ్యాహ్నం తొట్టిలో చేతులు ముంచడం. చలికాలం గనుక గోరు పక్క చర్మం పగిలి ఉంది. తొట్టికి అంత సందు చాలు.

ఒకరోజు పొద్దున మంగతాయారు మిషను మీద వేలు పెట్టింది. "దయచేసి మరల ప్రయత్నించండి" అంది మిషను. తుడుచుకుని పెట్టింది. ఊది పెట్టింది. దణ్ణం పెట్టుకుని పెట్టింది. దాని మాట మారలేదు. వేలు తిప్పి చూస్తే గోరు మొదట్లో గుండ్రంగా, మేకు దించినట్టు గుంట.

ఆ ఒక్క వేలితో సంస్థ మొత్తం గైర్హాజరైంది. మేమందరం, మేస్త్రీ, వాచ్‌మన్, డాక్టరు గారు, ఎం.డి. గారు. మాకిది పాత సంగతే గనుక పనిలోకి వెళ్ళాం. ఎం.డి. గారికి కొత్త. మూడోనాటికి పై ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఆయన గది కిటికీ తెరిచే ఉంది.

"నేను ఇక్కడే ఉన్నానండీ. ఇదుగో, తమతో మాట్లాడుతున్నాను గదా" అంటున్నారు ఎం.డి. గారు. కాసేపు విన్నారు. "చిత్తం, మిషను ప్రకారం లేను. నిజమేనండీ, మిషను అబద్ధం ఆడదు. ఆ మాట తమకు నేనే రాశాను."

ఆయనకు ఆ నెలలో ప్రమోషను రావలసి ఉంది. లేని మనిషికి ప్రమోషను ఇవ్వరు. వెంటనే డాక్టరును కారు పంపి రప్పించారు. ఇద్దరూ తలుపు వేసుకున్నారు గాని కిటికీ మరిచిపోయారు.

"జబ్బు వల్ల రాలేదంటే హాజరుకు లోటు ఉండదు. ఆ వేలికి పుండు అని రాసెయ్యండి" అన్నారు ఎం.డి. గారు.

"రాయవచ్చును. కాని ఆ వేలు అందరి వేలు. దానికి ఆరోగ్యం అంటే అందరికీ ఆరోగ్యం అని రాశాను. దానికి పుండు అంటే అందరికీ పుండు అవుతుంది."

"మంగతాయారుకూ నాకూ మాత్రమే అని రాయలేరా?"

"అప్పుడు తక్కినవాళ్ళ వేళ్ళు వేరే ఉన్నాయని ఒప్పుకున్నట్టు అవుతుందండి. మొన్నటిదాకా ఏ వేళ్ళు చూశారని నన్ను అడుగుతారు."

లోపల కలం మూత తీసిన చప్పుడు వినిపించింది. తర్వాత ఎం.డి. గారి గొంతు, "సరే, అందరికీ రాయండి" అంది.

అలా మా అందరి కుడిచేతి బొటనవేలికీ క్రోము పుండు ఉందని, తొట్టి వల్లే పడిందని, వైద్యం చేయించి తొట్టికి దూరంగా ఉంచాలని డాక్టరు పద్మనాభం గారు రాశారు. ఆయన పేరు కూడా ఉంది గనుక తనకూ ఉందని రాసుకున్నారు. ఇన్నాళ్ళూ పూర్ణ చెయ్యి చూసినా కలగని నమ్మకం ఆయనకు ఎం.డి. గారి ప్రమోషను చూసి కలిగింది.

మర్నాడే మమ్మల్ని పెద్దాసుపత్రికి పంపారు. పై ఆఫీసు నమ్మాలి గనుక ఎం.డి. గారు కూడా శుభ్రమైన బొటనవేలికి తెల్లని కట్టు కట్టుకుని వరసలో నిలబడ్డారు. అక్కడ మిషను లేదు. ఒక డాక్టరమ్మ బల్ల దగ్గర కూర్చుని ఎవరి చెయ్యి వాళ్ళది పట్టుకుని చూస్తోంది. మాకు అదొక వింత.

ఎం.డి. గారి కట్టు విప్పి అటూ ఇటూ తిప్పింది. "మీకేమైంది?"

"సంస్థాపరంగా పుండు ఉందండీ" అన్నారు ఆయన.

"ఇంటికి వెళ్ళండి" అంది. పూర్ణ చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. వేలి చివర నొక్కింది, కీలు దగ్గర నొక్కింది. "ఇంత ముదిరిందాకా ఎందుకు రాలేదమ్మా?"

"నేను లేనండి ఇన్నాళ్ళూ" అంది పూర్ణ. "ఈమధ్యనే వచ్చా."

"ఎక్కడికి వెళ్ళావు?"

"ఎక్కడికీ ఎళ్ళలేదండి. అక్కడే ఉన్నా."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. వాళ్ళకు మా సంస్థ సంగతి ఎలా తెలుస్తుంది? రెండు నెలల ముందు వస్తే వేలు నిలిచేదని, ఇప్పుడు పుండు ఎముకకు తగిలిందని చెప్పింది. ఆ మధ్యాహ్నమే రెండో కీలు దాకా తీసేశారు. మంగతాయారు బొటనవేలికి మందు రాసి, తొట్టి ముట్టుకోకపోతే మానుతుందన్నారు. పూర్ణ మంచం పక్కన కూర్చుని ఆ పిల్ల ఒకటే ఏడుపు.

"ఊరుకోవే. నీ వేలు పాడైతేనే గదా నా వేలికి డాక్టరు దొరికింది" అంది పూర్ణ.

పాతవాళ్ళమందరం ప్యాకింగు గదికి మారాం. ఎం.డి. గారికి ప్రమోషను వచ్చింది, కాని అదే సంస్థలో, ఇంకొంచెం పెద్ద కుర్చీలో. జరిగిన దానినుంచి ఆయన పాఠం నేర్చుకోలేదని ఎవరూ అనలేరు. తొట్టి వల్ల వేళ్ళు అరుగుతాయని ఆయనకు ఇప్పుడు స్పష్టంగా తెలుసు. అందుకని కొత్త కాగితం చదివించారు. వేళ్ళు అరిగిన తరువాత ప్రతినిధిని వెతకడం కంటే, అరగక మునుపే మనుషులను మార్చుట శ్రేయస్కరమని, తొట్టి దగ్గరికి ఆరేసి నెలలకు ఒక కొత్త జట్టును తీసుకొనుట అయినదని, దీనికి నిత్యనూతన హస్త విధానమని పేరు పెట్టడమైనదని.

తొట్టి, కొక్కేలు మారలేదు. మొదటి జట్టు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చింది. అందరూ భర్తలు పోయినవాళ్ళే. పొద్దున్నే గేటు ముందు, నీలం అక్షరాల గోడ పొడుగునా వరస కట్టారు. వేలు మిషనుకు ఎక్కించుకుని లోపలికి వెళ్ళాలి. అందరివీ కడిగిన చేతులు.

ప్యాకింగు గదిలో పూర్ణ లేచింది. "ఏడికే?" అన్నాను. గేటు దాటి వరస చివరికి వెళ్ళి, అక్కడినుంచి ఒక్కొక్కరి ముందూ ఆగుతూ వచ్చింది. కుడిచెయ్యి వాళ్ళ మొహాల ముందు పెట్టి, "చూడమ్మా" అనడం, ముందుకు జరగడం.

"ఏమైందమ్మా ఇది?" అని అడిగింది ఒక ముసలామె.

"తొట్టి. పసుపుగా ఉంటది."

"నెప్పి పుట్టలా?"

"పుట్టదు. పుడితే ముందే పారిపోయేదాన్ని."

"మరి మా చేత ఒట్టి చేతుల్తో ముంచుతారా?"

"మీరు అడగకపోతే ముంచుతారు."

వాచ్‌మన్ పరుగెత్తి చెప్పాడు. ఎం.డి. గారు గేటు దగ్గరికి వచ్చి, గొంతు పెంచి అందరికీ వినబడేలా అన్నారు. "అమ్మలారా, ఆ చేతిని నమ్మకండి. ఆ చెయ్యి మన సంస్థ గుర్తించిన చెయ్యి కాదు. అలాంటి వేలు పోయినట్టు మా దగ్గర ఎక్కడా లేదు."

ముసలామె ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. "మీ దగ్గర లేకపోతే పోనియ్యి నాయనా. ఆ పిల్ల దగ్గరా లేదు గదా."

వరస కదిలింది. మిషను వైపు కాదు. రోడ్డు దాటి, టీ బడ్డీ ముందు నేల మీద కూర్చున్నారు. ఎం.డి. గారు పని వద్దా అని అరిచారు. కావాలనే వచ్చామని, గట్టి కొక్కేలు వేయించి, జారిన కుళాయి తీయడానికి పట్టకార్లు పెట్టి, తలా ఒక జత గ్లవుజులు ఇస్తే ఈ క్షణమే లోపలికి వస్తామని ముసలామె చెప్పింది. ఆమెకు ఆ మాటలు అందించింది పూర్ణే. మేము కూడా ప్యాకింగు గదిలోంచి లేచి వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నాం. మంగతాయారు అందరికీ టీలు పంచింది, గ్లాసులు ఎడంచేత్తో పట్టుకుని.

సాయంత్రం మిషను తన లెక్క తాను పై ఆఫీసుకు పంపింది, పసుపు తొట్టి దగ్గర ఈరోజు ఎవరూ లేరని. గోడకు బిగించిన నాటినుంచి అది చెప్పిన మొదటి నిజం అదే.